ఎక్కడ నొక్కి పలకాలి

నార్వే దేశం నేను ఇంతవరకు చూడలేదు. ఆ భాషలో పట్టుమని నాలుగు వాక్యాలు సొంతంగా మాట్లాడలేను. కానీ కొన్ని వేల నార్వేజియన్ మాటల్ని ఎక్కడ విడగొట్టాలో, విడగొట్టాక ఏ ముక్కని నొక్కి పలకాలో మాత్రం ఇప్పటికీ చెప్పగలను. రెండేళ్లపాటు నాకు అదే ఉద్యోగం.

2006 వేసవిలో హెర్న్‌డన్ నుంచి నార్త్ కరోలినాలోని క్యారీకి మారాను. హెర్న్‌డన్‌లో మేమున్న అపార్ట్‌మెంట్లలో సగం మంది తెలుగువాళ్లే. మేమిద్దరం విడిపోయి ఆయన టెక్సస్ వెళ్లిపోయాక, నేను కారు దిగి మెట్లెక్కేలోపు ఎవరో ఒకరు ఎదురొచ్చి "ఈ వీకెండ్ అయినా ఆయన వస్తున్నారా?" అని అడిగేవారు. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. తెలియనివాళ్లు తెలియక అడిగేవారు. తెలిసినవాళ్లు నేనేం చెప్తానో చూద్దామని అడిగేవారు. ఇద్దరికీ ఒకేలా నవ్వి నవ్వి నా దవడలు నొప్పెట్టేవి. నన్నెవరూ ఎరగని ఊళ్లో ఉద్యోగం దొరికితే చాలనుకున్నాను. దొరికింది. హెచ్‌వన్ వీసా కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ అవగానే సామానంతా ఒక్క కారులో కుక్కుకుని వచ్చేశాను.

కోరుకున్నట్టే క్యారీలో నన్నెవరూ ఏమీ అడగలేదు. ఆఫీసులో ఒక హాయ్, కొట్లో బిల్లు వేసే అమ్మాయి దగ్గర ఒక థాంక్యూ, అంతే. ఆదివారం పొద్దున అమ్మకి ఫోన్ చేస్తే నా గొంతు విని "జలుబు చేసిందా?" అనేది. జలుబు కాదు. శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చాక నోరు విప్పడం అదే మొదలు.

మాది చిన్న కంపెనీ. కంప్యూటర్‌లో ఉన్న అక్షరాల్ని గొంతుతో చదివి వినిపించే ప్రోగ్రామ్ తయారుచేసేవాళ్లం. కార్లలో దారి చెప్పే పెట్టెలకీ, ఫోన్లకీ అది కావాలి. చేరిన వారానికే మా మేనేజర్ నార్వేజియన్ నా చేతిలో పెట్టాడు.

"నాకా భాష రాదే," అన్నాను.

"రానక్కర్లేదు. రూల్స్ రాస్తే చాలు."

రూల్స్ అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. నార్వే వాళ్లు రెండు మూడు మాటల్ని మధ్యలో ఖాళీ వదలకుండా కలిపి రాసేస్తారు. అలా ఎన్ని మాటలైనా ఎప్పటికప్పుడు పుట్టించుకోవచ్చు కనుక అన్నీ ఏ నిఘంటువులోనూ ఉండవు. ప్రోగ్రామే వాటిని విడగొట్టుకోవాలి. సాధారణంగా మొదటి ముక్కని గట్టిగా నొక్కాలి, రెండోదాన్ని తేలిగ్గా. విడగొట్టడం తప్పితే నొక్కడం తప్పుతుంది, దీర్ఘం ఉండాల్సిన చోట హ్రస్వం వస్తుంది, వినేవాడికి ఇంకేదో మాట వినిపిస్తుంది. బళ్లో సంధులు విడదీసి రాయమంటే నేను ఎప్పుడూ తప్పలేదు. ఆ ధైర్యంతోనే మొదలుపెట్టాను.

రూల్స్ రాయడానికి నేను సరిపోయాను కానీ, వచ్చింది సరిగ్గా ఉందో లేదో వినడానికి ఆ భాష పుట్టుకతో వచ్చిన మనిషి కావాలి. ఎక్కడ వెతికారో గానీ, ఆ అక్టోబర్‌లో మంగళవారం, గురువారం వచ్చేలా ఒకావిడని పెట్టారు. డెబ్బై దాటిన మనిషి. పొడుగ్గా, పొట్టి తెల్లజుట్టుతో, భుజాన గుడ్డసంచితో వచ్చింది. ఇరవై రెండేళ్లప్పుడు ఒక అమెరికన్‌ని పెళ్లాడి ఓస్లో దగ్గర ఊరు వదిలి వచ్చిందట. క్యారీలో రెండు తరాల పిల్లలకి పియానో నేర్పింది. భర్త పోయి ఆరేళ్లు. ఒక్కతే కూతురు సియాటిల్‌లో.

మొదటి రోజు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మా మెషీన్ చదివే మాటలు వింటూ కాగితం మీద టిక్కులు పెడుతోంది. ఉన్నట్టుండి హెడ్‌ఫోన్స్ తీసేసి నవ్వడం మొదలుపెట్టింది. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంత నవ్వు.

"ఏమైందండీ?" అన్నాను భయంగా.

"మీ మెషీన్ ఇప్పుడే చంటిపిల్ల మలుగుచేప అంది!"

ఆ మాట బార్‌నోల్. బార్ అంటే సూదుల్లాంటి ఆకులు, నోల్ అంటే సూది. నా ప్రోగ్రామ్ దాన్ని బార్న్, ఓల్ అని విడగొట్టింది. బార్న్ అంటే పిల్ల, ఓల్ అంటే పాములా ఉండే మలుగుచేప. ఆవిడ నా చెయ్యి పట్టుకుని పార్కింగ్ లాట్‌లోకి తీసుకెళ్లింది. మా ఆఫీసు చుట్టూ అన్నీ పైన్ చెట్లే. నా కారు అద్దం మీద రాలిన గోధుమరంగు సూదుల్లోంచి ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది.

"ఇదీ బార్‌నోల్. ఇంకెప్పుడూ తప్పవు."

తప్పలేదు. ఆ మాటే కాదు, ఆవిడ చెప్పినవేవీ మర్చిపోలేదు. ఆవిడ చెప్పే పద్ధతి అలాంటిది. బల్ల మీద గట్టి ముక్కకి వేలి కణుపుతో కొట్టేది, తేలిక ముక్కకి వేలి కొసతో. లమ్మెలోర్ అని కలిపి, మొదట్లో నొక్కి పలికితే గొర్రెపిల్ల తొడ, ఆదివారం కూర. అదే విడివిడిగా, రెంటినీ సమానంగా నొక్కితే పక్షవాతం వచ్చిన తొడలు. "హోటల్ బోర్డు మీద మధ్యలో ఖాళీ వదిలారంటే అంతే సంగతులు," అని నవ్వేది.

ఆఫీసులో అందరూ ఆవిణ్ని పేరు పెట్టి పిలిచేవారు. నాకు నోరు రాలేదు. రెండు నెలలు ఏ పిలుపూ లేకుండా "ఎక్స్‌క్యూజ్ మీ"తోనే నెట్టుకొచ్చాను. కనిపెట్టేసింది.

"నా పేరు పలకడం అంత కష్టమా?"

"కష్టం కాదు. మా వైపు పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవం."

"మరేమంటారు?"

"ఏదో ఒక వరస. పిన్ని అనో, అత్త అనో. చుట్టం కాకపోయినా సరే."

"అయితే తాంతె అను. మా ఊళ్లో పిల్లలు పక్కింటి ఆడవాళ్లని అలాగే అనేవారు," అంది. తాంతె అంటే అత్తో పిన్నో. నాకు తేలిగ్గా అనిపించింది.

ఒక గురువారం పని త్వరగా అయిపోయింది. "మీ భాషలో ఎక్కడ నొక్కుతారు?" అని అడిగింది తాంతె.

నేనెప్పుడూ ఆలోచించలేదు. తెలుగు బళ్లో గురువులఘువులు గుర్తించడం నేర్పారు కానీ, ఇక్కడ నొక్కు అని ఎవరూ చెప్పలేదు. తెలీదన్నాను. "ఏదైనా మాట్లాడు, నేను వింటాను," అని కళ్లు మూసుకుని వేళ్లు బల్ల మీద సిద్ధంగా పెట్టుకుంది.

ఉప్పు, పప్పు, చింతపండు, కొత్తిమీర అన్నాను. వేళ్లు ఆడించి తల అడ్డంగా ఊపింది. "మాటలు కాదు. వాక్యాలు."

ఆ గదికి తలుపేసి ఉంది, ఆవిడకి తెలుగు రాదు. ఎలా వచ్చిందో తెలీదు, నోటికి అదే వచ్చింది. "నాకు పెళ్లయింది. అయిదేళ్లు కలిసున్నాం. పెద్ద గొడవలేం లేవు. ఒకరోజు ఆయన నాతో ఉండలేనన్నాడు. ఎందుకని నేను అడగలేదు. అడగాల్సింది. ఈ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు."

ఇంకా చాలా చెప్పాను. ఆ మాటలు పైకి అనడం అదే మొదటిసారి. మొదట్లో తాంతె వేళ్లు నా మాటల వెంటే మెల్లగా కదిలాయి, తర్వాత ఆగిపోయాయి. నేను ఆపాక కళ్లు తెరిచింది.

"అన్నీ చినుకుల్లా ఒకే ఎత్తులో పడతాయి మీకు. కానీ ఒక్కచోట నొక్కావు. మధ్యలో. ఆ మాట ఏంటి?"

ఏ మాటో నాకు తెలుసు. "అడగాల్సింది అని," అన్నాను.

"ఏం అడగాల్సింది?" అని ఆవిడ అడగలేదు. సంచిలోంచి ఒక యాపిల్ తీసి, చిన్న చాకుతో రెండు ముక్కలు కోసి, పెద్దది నాకిచ్చింది.

ఆ తర్వాత శనివారాలు వాళ్లింటికి వెళ్లడం మొదలైంది. వాఫుల్స్ అనే పలచటి గళ్ల అట్లు వేసి, వాటి మీద గోధుమరంగు చీజ్ పల్చగా చెక్కి పెట్టేది. ఆ చీజ్ కొంచెం అడుగంటిన కోవాలా ఉండేది. నేను చారు కాచి సీసాలో పట్టుకెళ్లేదాన్ని, కప్పులో పోసుకుని టీలా తాగేది. నార్వేలో ఉన్న చెల్లెలు బతికున్నంతకాలం ప్రతి ఆదివారం ఫోన్‌లో మాట్లాడుకునేవారట. చెల్లెలు పోయి అప్పటికి రెండేళ్లు. "ఇప్పుడు ఆ భాషలో నాతో మాట్లాడేది మీ మెషీన్ ఒక్కటే," అంది ఒకసారి నవ్వుతూ.

2008 చివర్లో మా కంపెనీ నార్వేజియన్ ఆపేసింది. కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. ఒక సోమవారం మీటింగ్‌లో అయిదు నిమిషాల్లో తేలిపోయింది. నన్ను వేరే ప్రాజెక్టులో వేశారు. తాంతెకి ఇక రానక్కర్లేదని ఈమెయిల్ పంపమన్నారు. ఈమెయిల్ పంపకుండా ఇంటికి వెళ్లి చెప్పాను. వింది, "సరే, శనివారాలు ఉన్నాయిగా," అంది.

నేను రెండు శనివారాలు వెళ్లాను. మూడోది ఏదో పనుండి మానేశాను. అప్పుడు ఉద్యోగాలు ఊడిపోతున్న రోజులు. ఎప్పుడు పిలిచి పొమ్మంటారో, వీసా ఏమవుతుందోనని శనివారాలు కూడా ఆఫీసులో కూర్చునేదాన్ని. ఆ కారణం నిజమే. కానీ ఫోన్ చెయ్యడానికి అది అడ్డు రాదు కదా. ఒక నెల చెయ్యలేదు కనుక రెండో నెల చెయ్యడానికి సిగ్గేసింది. ఆర్నెల్లయ్యాక ఇంకా సిగ్గేసింది. వాళ్లింటి వైపు వెళ్లే రోడ్డు తప్పించి ఇంకో రోడ్డున వెళ్లేదాన్ని. ఆవిడా చెయ్యలేదు. ఏడాది దాటిపోయింది.

2010 ఫిబ్రవరిలో తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. తాంతె కూతురు. వాళ్లమ్మకి మూడు వారాల కిందట స్ట్రోక్ వచ్చిందట. కుడిచెయ్యి పడిపోయింది, చూపు తగ్గింది. ఇంగ్లీషు మొత్తం పోయింది, నార్వేజియన్ ఒక్కటే మాట్లాడుతోంది.

"నాకు ఆ భాష రాదు," అందామె. "నాన్నకి అర్థం కాదని అమ్మ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. అమ్మ అడ్రస్ బుక్‌లో మీ నంబర్ పక్కన నార్వేజియన్ అని రాసుంది. మీరొకసారి రాగలరా?"

"నాకూ రాదండీ. మాటలు పలకడం తెలుసు, అంతే."

"నాకు అదీ తెలీదు. రండి."

రిహాబ్ సెంటర్‌లో కిటికీ పక్క మంచం. తాంతె సగమైపోయింది. నన్ను చూసి గుర్తుపట్టింది. ఎడంచెయ్యి చాచి గబగబా ఏదో చెప్పింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇన్నాళ్లు ఎందుకు రాలేదని అడిగిందో, వచ్చావా అందో కూడా తెలీదు. "సారీ తాంతె," అన్నాను ఇంగ్లీషులో. ఆవిడకి అది అర్థం కాలేదు.

కూతురు నన్ను పక్కకి తీసుకెళ్లింది. "రోజుకి పదిసార్లు కారు, కారు అంటోంది. బీల్ అంటే కారని చిన్నప్పుడు అమ్మమ్మ నేర్పింది, అదొక్కటే నాకు తెలుసు. ఇంటికి తీసుకెళ్లమని కాబోలు. ఇప్పుడే కాదమ్మా, డాక్టర్ పంపడు అంటే ఏడుస్తోంది."

మంచం దగ్గర కూర్చున్నాను. కాసేపటికి తాంతె ఆ మాట అంది. స్ట్రోక్ వల్ల నొక్కు అంతా పోయింది. ముక్కలు ముక్కలుగా, అన్నీ ఒకే బరువుతో, ఒక్కోటీ వెతుక్కుంటున్నట్టు వచ్చింది. బిల్. దె. రమ్మె. మళ్లీ అదే. మా మెషీన్ విడగొట్టడం తప్పినప్పుడు మాటలు సరిగ్గా ఇలాగే వచ్చేవి. కారు అయితే బీల్ అని దీర్ఘం ఉండాలి. ఇక్కడ లేదు. మిగిలింది దెరమ్మె, అలాంటి మాట లేదు. విడగొట్టాల్సింది బిల్ తర్వాత కాదు.

మంచం కమ్మీ మీద వేలి కణుపుతో గట్టిగా ఒకటి కొట్టి "బిల్దె" అన్నాను. వేలి కొసతో తేలిగ్గా "రమ్మె" అన్నాను.

తాంతె నా మణికట్టు పట్టుకుంది. "యా," అంది. "యా, యా." అవునని.

"కారు కాదండీ," అన్నాను కూతురితో. "ఫోటో ఫ్రేమ్. ఏదో ఫోటో అడుగుతోంది."

ఆమె గోడకి చేరగిలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది. మర్నాడు నేను మళ్లీ వెళ్లేసరికి ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ బట్టల బుట్టలో వేసుకొచ్చింది. భర్త ఫోటో, మనవల ఫోటోలు, పియానో పిల్లల గ్రూప్ ఫోటోలు. తాంతె అన్నిటికీ తల అడ్డంగా ఊపింది. అడుగునున్న చిన్న చెక్క ఫ్రేమ్ తియ్యగానే చెయ్యి చాచింది. సముద్రం ఒడ్డున చెక్క వంతెన మీద కాళ్లు వేలాడేసుకుని ఇద్దరు ఆడపిల్లలు. ఒకరు తాంతె, రెండోది చెల్లెలు. కానీ ఆవిడ ఫోటో చూడలేదు. ఫ్రేమ్ వెనక్కి తిప్పి ఎడంచేత్తో అట్ట ఊడదియ్యబోయింది. కూతురు సాయం పట్టింది. ఫోటోకీ అట్టకీ మధ్య నాలుగు మడతల నీలం కాగితాలున్నాయి. చెల్లెలు రాసిన ఉత్తరం.

కూతురు విప్పి చూసి, చదవలేక నాకిచ్చింది.

"దీని అర్థం నాకు తెలీదు తాంతె," అన్నాను.

ఆవిడ కమ్మీ మీద ఒకసారి కొట్టింది, చదవమని.

చదివాను. కలం చేతిరాత, కొన్ని అక్షరాలు కూడబలుక్కోవాల్సి వచ్చింది. కానీ ప్రతి మాటనీ ఎక్కడ విడగొట్టాలో, ఎక్కడ నొక్కాలో తెలుసు. తప్పినచోట తాంతె ఎడంచేతి వేలితో కొట్టి సరిచేసేది, నేను వెనక్కెళ్లి మళ్లీ చదివేదాన్ని. నాలుగు పేజీలు అయ్యేసరికి నాకు చెమట పట్టింది. ఆవిడ కళ్లు మూసుకుని వింటోంది. మూడో పేజీలో ఒక చిన్న వాక్యం దగ్గర పెదవులు కదిపి నాతోపాటు అంది. కూతురు మంచానికి అటువైపు కూర్చుని వాళ్లమ్మ మొహమే చూస్తోంది.

ఆ తర్వాత ప్రతి శనివారం పొద్దున్నే వెళ్లి అదే ఉత్తరం చదివేదాన్ని. అర్థం తెలుసుకోకుండా చదవడం దొంగతనంలా అనిపించి, కూతురి అనుమతి తీసుకుని, నిఘంటువు పెట్టుకుని మెల్లగా తెలుసుకున్నాను. పెద్ద విశేషాలేం లేవు. చూరు నీళ్లు పోయే రేకు గొట్టం మంచుకి విరిగింది, బాగు చేయించాను. ఈ ఏడు పళ్ల జామ్ ఎక్కువ చేశాను, తినేవాళ్లు లేరు. పక్కింటివాళ్ల కుక్క ముసలిదైపోయింది. మూడో పేజీలో ఆ చిన్న వాక్యం, బావగారు పోయాక నువ్వు ఎవరితో మాట్లాడుతున్నావు అని. అది తెలిశాక ఆ పేజీ చదవడం నాకు కష్టమైంది. తాంతె నన్ను ఏమీ అడగకుండానే ఏడాది నేను వెళ్లకపోవడం గుర్తొచ్చేది. క్షమించమని నిఘంటువు చూసి ఒక వాక్యం కూర్చుకున్నాను. చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, రెండో మాట దగ్గర నా నొక్కు సరిచేసింది.

మే నెలలో కూతురు ఆవిణ్ని సియాటిల్ తీసుకెళ్లింది. వెళ్లే రోజు సెంటర్ ముందు వీల్‌చైర్‌లో కూర్చోబెట్టారు. నేను వంగి కాళ్లకి దణ్ణం పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపేసింది. నా మొహం దగ్గరికి లాక్కుని ఒక పొడుగాటి మాట అంది. నిదానంగా, ఒకటే మాట. నేను మళ్లీ చెప్పమన్నట్టు చూశాను. మళ్లీ అంది. ఎడంచెయ్యి నా చేతిలో ఉంది కనుక కొట్టి చూపించడానికి వీల్లేకపోయింది. నాకు చెయ్యి వదలబుద్ధి కాలేదు. కూతురు వాన్ తలుపు తీసింది.

కారులో కూర్చుని, మర్చిపోకముందే ఆ మాటని విన్నది విన్నట్టు తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను.

అక్టోబర్‌లో కూతురు ఫోన్ చేసి తాంతె పోయిందని చెప్పింది. నిద్రలోనేనట. ఉత్తరం ఆవిడతోపాటే పంపామంది. ఆఫీసులో చెబుదామంటే ఆవిణ్ని ఎరిగినవాళ్లు ఇద్దరే మిగిలారు. ఒకతను "ఓ, ఐయామ్ సారీ" అని మళ్లీ స్క్రీన్ వైపు తిరిగాడు. ఆ ఆదివారం అమ్మకి చెప్పాను. మొదటిరోజు నవ్వు నుంచి చివరిదాకా, గంటకి పైగా.

"ఇన్నాళ్లూ నాకు ఒక్కసారీ చెప్పలేదేమే?" అంది అమ్మ.

"ఏమోనమ్మా."

"వెళ్లేటప్పుడు నీతో ఏమందో తెలిసిందా?"

"లేదు."

ఆ తర్వాత నార్వే నుంచి వచ్చిన ఇద్దరికి ఆ మాట వినిపించాను, ఒకరు కాన్ఫరెన్స్‌లో, ఒకరు విమానంలో పక్క సీట్లో. ఒకాయన అది ఒక మాట కాదు, మూడు మాటలు కలిసిపోయాయన్నాడు. రెండో ఆవిడ ఏదో పల్లె యాస కావచ్చనీ, స్ట్రోక్ వచ్చినవాళ్లు లేని మాటలు కూడా అంటారనీ చెప్పింది. నాకు తెలిసిన రూల్స్ అన్నీ వాడి నేనూ రకరకాలుగా విడగొట్టి చూశాను. ఒక్కోసారి ఒక్కో అర్థం వస్తుంది, ఏదీ పూర్తిగా కుదరదు. మొదట్లో నొక్కాలో చివర్లో నొక్కాలో కూడా ఇప్పుడు నాకు నమ్మకంగా గుర్తులేదు.